ఇంటికీ ఆఫీసు పనికీ కలిపి ఒకే ప్రింటర్: ఇంక్ ట్యాంకా, లేజరా?

ప్రశ్న:
నమస్కారమండీ. మా ఆవిడ ఇంటి నుంచే అకౌంట్స్ పని చేస్తుంది. నెలకు 100 పేజీల దాకా ప్రింట్లు తీయాలి, అన్నీ నలుపే. కాకపోతే అవన్నీ నెలాఖరు వారంలోనే పడతాయి. మిగతా రోజుల్లో ప్రింటర్‌ని ముట్టుకునే పనే ఉండదు. పిల్లలకు స్కూలు ప్రాజెక్టుల కోసం ఎప్పుడైనా రంగు బొమ్మలు కావాలి. స్కానింగ్, జిరాక్స్ కూడా అందులోనే ఉండాలి. ఇప్పుడున్న పాత ఇంక్‌జెట్‌లో ప్రతిసారీ అక్షరాల మధ్య తెల్ల గీతలు వస్తున్నాయి. ఈసారి ఏది కొంటే మంచిది?

జవాబు 1:
స్కానర్ ఉన్న బ్లాక్ అండ్ వైట్ లేజర్ తీసుకోండి. కలర్ బయట తీయించుకోండి. అంతే.

జవాబు 2:
నాదీ అదే మాట. కారణం కూడా చెప్తాను. మీరు రాసినదాంట్లో పట్టించుకోవలసింది ఆ 100 పేజీలను కాదు, "ముట్టుకునే పనే ఉండదు" అన్నారు చూడండి, దాన్ని. ఇంక్‌జెట్‌లో ఉండేది ద్రవం. అది కంటికి ఆనని సన్నటి రంధ్రాల్లోంచి కాగితం మీద పడుతుంది. వారాల తరబడి వాడకపోతే ఆ రంధ్రాల్లోనే ఎండిపోతుంది. మీ తెల్ల గీతలు అందుకే అయ్యుంటాయి. ఆ రంధ్రాలుండే భాగాన్ని హెడ్ అంటారు. హెడ్ క్లీనింగ్ పెడితే రంధ్రాలు తెరుచుకోవచ్చు గానీ, ఆ క్లీనింగ్‌కి ఖర్చయ్యేది కూడా మీ ఇంకే. వాడేసిన ఆ ఇంకంతా లోపల ఒక ప్యాడ్‌లోకి పోతుంది. అది నిండిందంటే చాలా మోడళ్లు మార్చేదాకా ప్రింట్ ఇవ్వవు.

లేజర్‌లో ఉండేది టోనర్ పొడి. పొడి కాబట్టి ఎండిపోయేదేమీ లేదు. రెండు నెలల తర్వాత ఆన్ చేసినా మొదటి పేజీ నుంచే శుభ్రంగా వస్తుంది. వేడికి కరిగి కాగితానికి అతుక్కుంటుంది కాబట్టి తడి చెయ్యి తగిలినా అక్షరం అలుక్కుపోదు. బిల్లులకు ఇది ముఖ్యమే కదా.

ఇక ధర సంగతి. ప్రింటర్ ధర ఒక్కటే చూసి కొనకండి. అదే మోడల్‌కి టోనర్ ధర ఎంతో, అది ఎన్ని పేజీలకు వస్తుందో చూసి భాగించండి. కంపెనీలు చెప్పే పేజీల లెక్క సాధారణంగా పేజీలో 5 శాతం చోటే అక్షరాలతో నిండుతుందన్న అంచనా మీద ఉంటుంది. పట్టికలు, లోగోలు ఉంటే అన్ని రావు. కొత్త ప్రింటర్‌తో పాటు ఇచ్చే టోనర్ చాలాసార్లు సగం నింపినదే. అది తొందరగా అయిపోయిందని టెన్షన్ పడకండి. కొన్ని మోడళ్లలో డ్రమ్ (టోనర్ పొడిని కాగితం మీదికి చేర్చే గొట్టం లాంటి భాగం) విడిగా ఉంటుంది. దాన్నీ ఎప్పుడో ఒకప్పుడు మార్చాలి, ఆ ఖర్చు కూడా కలపండి.

అడిగినవారు:
సీసాలతో ఇంకు పోసుకునే ఇంక్ ట్యాంక్ ప్రింటర్ అయితే పేజీకి పడే ఖర్చు చాలా తక్కువంటున్నారు. వదులుకోవాలంటే మనసొప్పడం లేదు.

జవాబు 3:
నేను ట్యాంక్ వాడుతున్నాను, హాయిగా ఉంది. ఒక సెట్టు సీసాలు పోస్తే వేల పేజీలు వస్తాయి, రంగుకు కూడా వెనకాడక్కర్లేదు. కానీ మా ఇంట్లో దానికి దాదాపు రోజూ పని ఉంటుంది. ట్యాంక్ అన్నారని వేరే యంత్రం అనుకోకండి, అదీ ఇంక్‌జెట్టే. ఎండే గుణం ఎక్కడికీ పోదు. మీరు అదే కొంటానంటే వారానికోసారి అన్ని రంగులూ ఉన్న పేజీ ఒకటి తీయండి. ఇంకో సంగతి, గోడ స్విచ్ కట్టేయకండి. ముందు ప్రింటర్ మీదున్న బటన్‌తోనే ఆపాలి. అలా ఆపితేనే హెడ్ తన చోటికి వెళ్లి మూత పెట్టుకుంటుంది. కరెంటు తీసేస్తే హెడ్ ఎక్కడుంటే అక్కడే తెరిచి ఉండిపోతుంది. ఇది చాలామంది పట్టించుకోరు. కొనేముందు నల్ల ఇంకు పిగ్మెంట్ రకమా, డై రకమా అని కూడా అడగండి. పిగ్మెంట్ అయితే నీళ్లకు కాస్త తట్టుకుంటుంది.

అడిగినవారు:
వారం వారం గుర్తుపెట్టుకుని తీయడం మా వల్ల కాదండీ. మరి కలర్ లేజర్ కొంటే రెండు పనులూ అయిపోతాయి కదా?

జవాబు 2:
అవుతాయి, కానీ టోనర్లు నాలుగు కొనాలి, యంత్రం కూడా బరువు. ఛార్టులు, పటాలు బాగానే వస్తాయి. ఫొటోలు మాత్రం ఇంక్‌జెట్ అంత బాగా రావు. పైగా ఇంక్‌జెట్ కోసం చేసిన నిగనిగలాడే ఫొటో కాగితాన్ని పొరపాటున కూడా లేజర్‌లో పెట్టకూడదు. దాని పూత వేడికి కరిగి లోపల అంటుకుపోతుంది. ఎప్పుడో వచ్చే ప్రాజెక్టు కోసం ఇంత మోయడం దండగని నా అభిప్రాయం.

ఆ డబ్బుతో నలుపు లేజర్‌లోనే మంచి సౌకర్యాలున్నది చూడండి. కట్టగా పెడితే కాగితాలను తనే లాక్కుని స్కాన్ చేసే ఫీడర్ మీ ఆవిడకు బాగా పనికొస్తుంది. "డూప్లెక్స్" (కాగితానికి రెండు వైపులా తనే చేయడం) అని రాసి ఉంటే ప్రింటింగ్‌కేనా, స్కానింగ్‌కి కూడానా అని అడగండి. చాలావాటిలో ప్రింటింగ్‌కే ఉంటుంది. చాలా ప్రింటర్లు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకే కలుస్తాయి, రౌటర్‌లో అది ఆన్‌లో ఉండాలి.

అడిగినవారు:
సరేనండీ, నలుపు లేజరే ఖాయం. కంప్యూటర్‌కి ఉన్న యూపీఎస్‌కే దీన్నీ తగిలించొచ్చా?

జవాబు 1:
వద్దు. లోపలి హీటర్ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా చాలా కరెంటు లాగుతుంది, చిన్న యూపీఎస్ తట్టుకోలేదు. నేరుగా గోడ సాకెట్‌కే పెట్టండి.