24 ఏళ్ల సైనిక సేవ తర్వాత ప్రభుత్వ ఉద్యోగం: మాజీ సైనికుల రిజర్వేషన్‌ను ఎప్పుడు, ఎలా వాడుకోవాలి?

ప్రశ్న: ఈఎంఈ హవల్దార్, సఫిల్‌గూడ

అందరికీ నమస్కారం. నేను సైన్యంలో ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజినీర్ల) విభాగంలో హవల్దారుగా పనిచేస్తున్నాను. వచ్చే మార్చి నెలాఖరుకు 24 ఏళ్ల సర్వీసు పూర్తిచేసుకుని పింఛనుతో ఇంటికి వస్తాను. అప్పటికి నా వయసు 43 ఏళ్లు. కుటుంబం సఫిల్‌గూడలో స్థిరపడింది, ఇద్దరు పిల్లలూ చదువుకుంటున్నారు కాబట్టి ఇంకో పదిహేనేళ్లయినా ఉద్యోగం చేయవలసిన అవసరం ఉంది.

ఇంటర్మీడియట్ తర్వాత నేను కళాశాలకు వెళ్లలేదు. కేంద్ర ప్రభుత్వ గుమాస్తా ఉద్యోగాలకు 27 ఏళ్లు, బ్యాంకులకు 28 ఏళ్లు గరిష్ఠ వయోపరిమితి అని ప్రకటనల్లో చూసినప్పుడు, 43 ఏళ్ల మనిషికి అక్కడ చోటు ఎలా ఉంటుందో అర్థం కావడం లేదు. నాతోపాటు పదవీ విరమణ చేస్తున్న మిత్రుడు ముందు బ్యాంకులో దొరికిన గార్డు ఉద్యోగంలో చేరిపోయి, తర్వాత నిదానంగా క్లర్కు పరీక్ష రాసుకోవచ్చు అంటున్నాడు. అలా చేస్తే మాజీ సైనికుడి హోదా అక్కడితో ముగిసిపోతుందని మరొకరు హెచ్చరిస్తున్నారు. ఈ రెండింటిలో ఏది నిజం? తెలంగాణ రాష్ట్ర ఉద్యోగాలకు కూడా ఇదే పద్ధతి వర్తిస్తుందా? ఈ దారిలో నడిచినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: విశ్రాంత సుబేదార్, ఏఎస్ రావు నగర్

తమ్ముడూ, మార్చి దాకా ఆగకుండా ఇప్పుడే అడిగి మంచి పని చేశావు. మనవాళ్లలో చాలామంది ఇంటికి వచ్చి, సామాను సర్దుకుని, పెళ్లిళ్లూ పేరంటాలూ చూసుకున్నాక గానీ ఈ విషయం ఆలోచించరు. అప్పటికి రెండు మూడు నోటిఫికేషన్ల గడువు దాటిపోయి ఉంటుంది.

ముందు వయసు సంగతి. కేంద్ర ప్రభుత్వంలో మనకు ఆధారం 1979 నాటి మాజీ సైనికుల పునర్నియామక నియమాలు. వాటి ప్రకారం నేరుగా భర్తీ చేసే గ్రూప్-సి (గుమాస్తా స్థాయి) ఖాళీలలో 10 శాతం, పూర్వపు గ్రూప్-డి (అటెండరు స్థాయి) ఖాళీలలో 20 శాతం మాజీ సైనికులకు కేటాయిస్తారు. వయసు లెక్కించేటప్పుడు నీ అసలు వయసులోంచి సైన్యంలో పనిచేసిన కాలాన్ని తీసివేస్తారు, మిగిలిన అంకె ఆ పోస్టు వయోపరిమితిని 3 ఏళ్లకు మించి దాటకూడదు. నీ విషయంలో 43 లోంచి 24 తీసేస్తే 19 మిగులుతుంది. 27 ఏళ్ల పరిమితి ఉన్న పోస్టుకు నీ హద్దు 30 కాబట్టి నిశ్చింతగా అర్హుడివి. అయితే సైన్యం నుంచి బయటికి వచ్చాక గడిచే ప్రతి సంవత్సరమూ ఆ 19 మీద చేరుతూ పోతుంది. సర్వీసు తక్కువగా ఉండి, బయటికి వచ్చాక ఆలస్యం చేసినవారికి అర్హత చేజారేది ఇక్కడే.

పారామిలిటరీ దళాలను మినహాయిస్తే ఈ రిజర్వేషన్ గ్రూప్-సి స్థాయి వరకే ఉంటుంది. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ నిర్వహించే గ్రాడ్యుయేట్ స్థాయి పరీక్షలో ఇన్‌స్పెక్టర్ వంటి గ్రూప్-బి పోస్టులకు మాజీ సైనికుల కోటా ఉండదు, ట్యాక్స్ అసిస్టెంట్, ఆడిటర్, అకౌంటెంట్ వంటి గ్రూప్-సి పోస్టులకు ఉంటుంది. పోస్టుల ప్రాధాన్యక్రమం ఇచ్చేటప్పుడు ఇది తెలియక గ్రూప్-బి పోస్టులనే ముందు పెట్టి నష్టపోయినవారిని చూశాను. ఆదాయపు పన్ను శాఖ, రక్షణ లెక్కల శాఖ, సైఫాబాదులోని అకౌంటెంట్ జనరల్ కార్యాలయం వంటి చోట్ల మనవాళ్లు చక్కగా స్థిరపడిన కొలువులు ఎక్కువగా ఈ గ్రూప్-సి దారిన వచ్చినవే.

డిగ్రీ లేకపోవడం గురించి దిగులు పడవద్దు. పదో తరగతి ఉత్తీర్ణుడై, సైన్యంలో కనీసం 15 ఏళ్లు పనిచేసిన మాజీ సైనికుణ్ణి డిగ్రీ అర్హతగా ఉన్న గ్రూప్-సి రిజర్వుడు పోస్టులకు అర్హుడిగా పరిగణించే వెసులుబాటు ఆ నియమాలలోనే ఉంది. సాంకేతిక అర్హతో, వృత్తిపరమైన అనుభవమో తప్పనిసరిగా కోరే పోస్టులకు మాత్రం అది సరిపోదు. నీ రికార్డ్స్ ఆఫీసు సికింద్రాబాదులోనే ఉంది కాబట్టి నీ అర్హత డిగ్రీకి సమానమని చెప్పే పత్రం కోసం డిశ్చార్జి దాకా ఎదురుచూడకుండా ఇప్పుడే యూనిట్ ద్వారా దరఖాస్తు పెట్టించు. పత్రంపై ఉన్న తేదీ నోటిఫికేషన్‌లో చెప్పిన తేదీకి ముందుదై ఉండాలి. తర్వాతి తేదీతో తెచ్చిన పత్రం పరీక్షలో ఎన్ని మార్కులు వచ్చినా నిన్ను కాపాడలేదు.

ఇక అన్నింటికంటే ముఖ్యమైన సంగతి, నీ మిత్రుడు ఇచ్చిన సలహా. మాజీ సైనికుడిగా లభించే ప్రయోజనాన్ని వాడుకుని ప్రభుత్వంలో ఒక సివిల్ ఉద్యోగంలో చేరిన మరుక్షణం, పునర్నియామకానికి సంబంధించినంతవరకు ఆ హోదా ముగుస్తుంది. అంటే గార్డు ఉద్యోగంలో చేరిన తర్వాత వెలువడే క్లర్కు నోటిఫికేషన్‌కు నువ్వు మాజీ సైనికుల కోటాలో దరఖాస్తు చేయలేవు. ఒకే ఒక్కసారి వాడుకోగలిగిన హక్కును చేతికి అందిన మొదటి కొలువుకే ఖర్చు చేయడం సరైన పని కాదని నా నిశ్చితాభిప్రాయం. నెలకు కొంత సొమ్ము కోసం తొందరపడి చేరి, ఆ తర్వాత పదిహేనేళ్లూ చింతించే పరిస్థితి నీకు రాకూడదు.

అయితే దీనికి న్యాయమైన ఒక మినహాయింపు ఉంది. కేంద్ర సిబ్బంది, శిక్షణ శాఖ 2014 ఆగస్టు 14న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, మొదటి ఉద్యోగంలో చేరకముందే నువ్వు వేరే పోస్టులకు దరఖాస్తు చేసి ఉంటే, వాటికి కూడా మాజీ సైనికుడిగానే ఎంపిక కావచ్చు. అందుకు నువ్వు చేయవలసినదల్లా, ఉద్యోగంలో చేరిన వెంటనే, అప్పటికే పెట్టుకున్న దరఖాస్తుల వివరాలను తేదీలతో సహా రాసి, స్వీయ ధ్రువీకరణగా ఆ యాజమాన్యానికి అందజేయడం. దాని ప్రతిపై కార్యాలయం ముద్ర వేయించుకుని భద్రపరచుకో. చేరిన రోజున ఉండే హడావిడిలో చాలామంది ఈ ఒక్క కాగితాన్ని మరిచిపోతారు, దాని విలువ రెండో ఎంపిక వచ్చినప్పుడు తెలుస్తుంది. ఎప్పుడైనా తొలగించగల తాత్కాలిక, కాంట్రాక్టు పద్ధతిలో పనిచేసినవారికి ఈ హోదా పోదు, ప్రైవేటు సెక్యూరిటీ సంస్థలో పనిచేసినా పోదు. కాబట్టి ఈలోపు ఇల్లు గడవడానికి ఏదైనా పని అవసరమైతే అటువంటిది చూసుకో.

సర్వీసులో ఉండగానే దరఖాస్తు చేయవచ్చా అని నువ్వు అడగలేదు గానీ, చెప్పవలసిన మాట అది. దరఖాస్తు చివరి తేదీ నుంచి ఏడాదిలోగా సర్వీసు పూర్తయ్యేవారు దరఖాస్తు చేయవచ్చు. కమాండింగ్ అధికారి ఇచ్చే ధ్రువపత్రం, నువ్వు రాసిచ్చే హామీపత్రం ఉంటే చాలు. నువ్వు ఇప్పుడే ఆ గడువులోకి వచ్చావు.

జవాబు: మాజీ వాయుసైనికుడు, ప్రస్తుతం బ్యాంకు ఉద్యోగి, మల్కాజ్‌గిరి

సుబేదార్ సాబ్ చెప్పిన ప్రతి మాటతోనూ ఏకీభవిస్తూ, బ్యాంకుల గురించి కొంత చేరుస్తాను. ప్రభుత్వరంగ బ్యాంకులలోను, కేంద్ర ప్రభుత్వరంగ సంస్థలలోను మన వాటా ఇంకొంచెం ఎక్కువ. క్లర్కు స్థాయిలో 14.5 శాతం, సబార్డినేట్ సిబ్బంది స్థాయిలో 24.5 శాతం ఉంటుంది. యుద్ధంలో వికలాంగులైన మాజీ సైనికులకు, వీరమరణం పొందినవారి కుటుంబ సభ్యులకు ఉద్దేశించిన 4.5 శాతం ఇందులోనే కలిసి ఉంది. మన హైదరాబాద్‌లోనే కంచన్‌బాగ్‌లో అటువంటి సంస్థలైన భారత్ డైనమిక్స్, మిధాని ఉన్నాయి, ఇటు ఈసీఐఎల్ ఉంది. ఈఎంఈలో సాంకేతిక పని చేసినవారు బ్యాంకుల మీదే దృష్టి పెట్టి వీటి ప్రకటనలను వదిలేయడం నాకు సరిగా తోచదు.

బ్యాంకు సిబ్బంది ఎంపిక సంస్థ ఐబీపీఎస్ నిర్వహించే క్లర్కు పరీక్షకు గరిష్ఠ వయసు 28. మాజీ సైనికులకు సర్వీసు కాలం, దానిపై మరో 3 ఏళ్లు కలుపుతారు గానీ, ఎంత కలిపినా 50 ఏళ్లు దాటకూడదు. మీ లెక్క 55 దాకా వెళ్తుంది కాబట్టి మీకు ఈ 50 ఏళ్ల హద్దే వర్తిస్తుంది, అంటే బయటికి వచ్చాక దాదాపు ఏడేళ్ల వ్యవధి ఉంది.

కోటా ఉంది కదా అని పరీక్షను తేలికగా తీసుకోవద్దని చేతులు జోడించి చెబుతున్నాను. ఈ రిజర్వేషన్ సమాంతరమైనది. ఎంపికైన మాజీ సైనికుణ్ణి అతని సామాజిక వర్గాన్ని బట్టి ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ లేదా జనరల్ స్థానంలోనే సర్దుతారు. మన కటాఫ్ సాధారణంగా తక్కువగానే ఉన్నా, అర్హత మార్కులు రాకపోతే ఆ స్థానం ఇతరులకు వెళ్లిపోతుంది. మన కోసం ఉంచిన స్థానాలు ఏటా నిండకుండా మిగలడం చూస్తే నిజంగా బాధ కలుగుతుంది. ఇరవై ఏళ్లు పుస్తకం పట్టని మనిషికి అసలు అడ్డంకి గణితం, తార్కిక ప్రశ్నల వేగమే. ఇప్పటి నుంచి రోజూ సాయంత్రం గంటన్నర కూర్చుంటే మార్చి నాటికి ఆ వేగం వస్తుంది. పరీక్షను తెలుగులో రాసే వీలుంది. తెలంగాణకు దరఖాస్తు చేసుకుంటే స్థానిక భాషా పరిజ్ఞానాన్ని కూడా చూస్తారు. పదో తరగతిలోనో ఇంటర్‌లోనో తెలుగు చదివినట్టు మార్కుల పత్రం ఉంటే ఆ పరీక్ష నుంచి మినహాయింపు లభిస్తుంది. ఆ పత్రం ఊళ్లో పెట్టెలో ఉండిపోతే ఈ సెలవులోనే తెచ్చుకోండి.

జవాబు: మాజీ సైనికుడి కుమార్తె, పోటీ పరీక్షల శిక్షకురాలు, కాప్రా

రాష్ట్ర ఉద్యోగాల గురించి మీరు అడిగినదానికి ఇంకా ఎవరూ జవాబివ్వలేదు కాబట్టి రాస్తున్నాను, అన్నయ్యా. తెలంగాణలో మాజీ సైనికుల వాటా 2 శాతం. సర్వీసు కాలానికి 3 ఏళ్లు కలిపి వయసు సడలింపు ఇస్తారు. నూరు స్థానాల రోస్టరులో (రిజర్వేషన్ల వరుస పట్టికలో) రెండు మాత్రమే మన వంతు కావడం వల్ల, కొద్ది పోస్టులున్న నోటిఫికేషన్‌లో మీ జిల్లాకు ఒక్కటి కూడా రాకపోవచ్చు. గ్రూప్-4 వంటి పెద్ద నోటిఫికేషన్లు వచ్చినప్పుడే దీనివల్ల గట్టి ప్రయోజనం ఉంటుంది. అందుచేత కేంద్ర ఉద్యోగాలు, బ్యాంకులపై ప్రధానంగా దృష్టి పెట్టి, రాష్ట్ర పరీక్షను దానికి తోడుగా రాయమని నా దగ్గరికి వచ్చే మాజీ సైనికులకు చెబుతుంటాను.

ఇక్కడ స్థానికత అనే మరో అంశం ఉంది. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం నేరుగా భర్తీ చేసే పోస్టులలో 95 శాతం స్థానికులకే చెందుతాయి. ఒకటి నుంచి ఏడో తరగతి వరకు కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నదే స్థానికతకు ఆధారం, ఇప్పుడు సఫిల్‌గూడలో ఇల్లు ఉండటం కాదు. మీరు వరంగల్‌లోనో నల్గొండలోనో చదివి ఉంటే మీరు ఆ జిల్లాకే స్థానికులు. మా నాన్నగారి తరంలో పాఠశాల మూతపడి ఈ పత్రం కోసం మండల విద్యాధికారి కార్యాలయం చుట్టూ తిరిగినవారు ఉన్నారు కాబట్టి దీన్ని ముందుగానే సంపాదించుకోండి.

మీరు వెనుకబడిన తరగతికి చెందినవారైతే రాష్ట్ర బీసీ ధ్రువపత్రం వేరు, కేంద్ర ఓబీసీ ధ్రువపత్రం వేరు. రెండూ తీసుకోవాలి. డిశ్చార్జి పుస్తకం అందిన వెంటనే సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదు చేసుకుని గుర్తింపు కార్డు పొందండి.

ప్రశ్నించినవారి మాట: ఈఎంఈ హవల్దార్, సఫిల్‌గూడ

సుబేదార్ సాబ్, మీకూ, మిగతా ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. గార్డు ఉద్యోగం ఆలోచన విరమించుకుంటున్నాను. గ్రాడ్యుయేషన్ సమాన పత్రానికి ఈ వారమే యూనిట్‌లో దరఖాస్తు పెడతాను. చివరిగా ఒక్క సందేహం తీర్చండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలో చేరితే సైన్యం ఇచ్చే పింఛనులో కోత పడుతుందా? ఇంట్లో వాళ్లకు ఆ భయం బలంగా ఉంది. అలాగే, సొంత అభ్యర్థనపై ముందుగా బయటికి వచ్చే నా సహచరుడికి కూడా ఈ హోదా ఉంటుందా?

జవాబు: విశ్రాంత సుబేదార్, ఏఎస్ రావు నగర్

ఇంట్లో వాళ్లకు ధైర్యం చెప్పు తమ్ముడూ. కమిషన్డ్ అధికారి హోదా కంటే దిగువ స్థాయిలో 55 ఏళ్ల లోపు పదవీ విరమణ చేసినవారికి, కొత్త ఉద్యోగంలో వేతనం నిర్ణయించేటప్పుడు సైనిక పింఛను మొత్తాన్నీ లెక్కలోంచి మినహాయిస్తారు. నీకు ఆ పోస్టు వేతన శ్రేణిలో కనీస వేతనం నిర్ణయిస్తారు, పింఛను యథాతథంగా వస్తుంది. ఈ పద్ధతిలో వేతనం నిర్ణయమైనప్పుడు ధరల పెరుగుదలకు తగ్గట్టు పింఛనుపై వచ్చే కరువు ఉపశమనం కూడా ఆగదు. కొత్త కొలువుకు మాత్రం పాత పింఛను విధానం వర్తించదు, జాతీయ పింఛను వ్యవస్థ కింద వేరే ఖాతా తెరుస్తారు.

నీ సహచరుడి విషయంలో చూడవలసినది పింఛను. పింఛనుకు అర్హత సంపాదించాక సొంత అభ్యర్థనపై వచ్చినా అతడు మాజీ సైనికుడే. పింఛను అర్హత రాకముందే సొంత కోరికపై వచ్చేస్తే ఆ నిర్వచనంలోకి రాడు. కొద్ది నెలలు ఓపిక పడితే అర్హత వచ్చే స్థితిలో ఉన్నాడేమో అతని రికార్డు చూడమని చెప్పు, డిశ్చార్జి దరఖాస్తుపై సంతకం పెట్టకముందే చెప్పు.

నువ్వు ఉద్యోగంలో చేరాక వేతన నిర్ధారణ ఉత్తర్వు ప్రతిని అడిగి తీసుకో. అందులో పింఛనును పూర్తిగా మినహాయించినట్టు స్పష్టంగా రాసి ఉందో లేదో చదువుకో. లేకపోతే మొదటి జీతం రాకముందే పరిపాలన విభాగానికి లిఖితపూర్వకంగా తెలియజేయి. పునర్నియామకం సంగతిని పింఛను చెల్లించేవారికి కూడా ఆ ఉత్తర్వు ప్రతితో సహా నువ్వే ముందుగా తెలియపరచు.