వెడల్పాటి టేబుల్ పెడితే పక్కనున్న లాగిన్ ఫారమ్ స్క్రీన్ బయటకు పోతోంది, ఎలా ఆపాలి?

అందరికీ నమస్కారం. రెండు రోజులుగా ఇక్కడే ఆగిపోయాను. పేజీలో ఎడమవైపు వ్యాసం, కుడివైపు లాగిన్ ఫారమ్ పక్కపక్కనే ఉండాలి. సీఎస్ఎస్ గ్రిడ్ (పేజీని గడులుగా విభజించే పద్ధతి) వాడాను: కాలమ్స్ 1ఎఫ్‌ఆర్ (అంటే మిగిలిన చోటంతా), 320 పిక్సెల్స్, మధ్య గ్యాప్ 24 పిక్సెల్స్.

మామూలు పేరాలు ఉన్నంతవరకు అంతా బాగుంది. వ్యాసంలో 11 కాలమ్స్ ఉన్న టేబుల్ ఒకటి పెట్టగానే గొడవ మొదలైంది. పేజీ వెడల్పు 1366 పిక్సెల్స్. బ్రౌజర్‌లో కొలతలు చూపించే ఇన్‌స్పెక్టర్‌లో చూస్తే ఎడమ కాలమ్ 1022 ఉండాల్సింది 1180కి సాగిపోయింది. దాంతో పాస్‌వర్డ్ బాక్సు, లాగిన్ బటన్ సగం సగమే కనిపిస్తున్నాయి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండింటిలోనూ ఇంతే. టేబుల్ తీసేస్తే ఫారమ్ మళ్లీ చక్కగా సర్దుకుంటుంది, కాబట్టి తప్పు ఫారమ్‌లో లేదనే అనుకుంటున్నాను.

టేబుల్‌కే నేరుగా ఓవర్‌ఫ్లో-ఎక్స్ ఆటో (పట్టకపోతే అడ్డంగా స్క్రోల్ అయ్యేలా చేసేది) ఇచ్చాను, మార్పు లేదు. దాన్ని ఒక డివ్‌లో (ఖాళీ పెట్టె లాంటి ఎలిమెంట్) పెట్టి ఆ డివ్‌కి ఇచ్చినా స్క్రోల్‌బార్ రాలేదు. ఎడమ కాలమ్ మొత్తానికి ఓవర్‌ఫ్లో హిడెన్ (పట్టనిది దాచేసేది) ఇస్తే ఫారమ్ చోటుకి వచ్చింది గానీ టేబుల్ చివరి కాలమ్స్ తెగిపోయాయి; చదివేవాళ్లకు ముఖ్యమైన అంకెలు ఉన్నది అక్కడే. ఫారమ్‌కి పొజిషన్ ఆబ్సొల్యూట్ (మిగతావాటితో సంబంధం లేకుండా ఒక చోట నిలిపేది) పెడితే టేబుల్ మీదకు ఎక్కి కూర్చుంది. గ్రిడ్ వదిలేసి ఫ్లోట్ (ఒక పక్కకు జరిపేది) వాడితే టేబుల్ ఫారమ్ కిందకు జారిపోయి మధ్యలో పెద్ద ఖాళీ వచ్చింది.

జావాస్క్రిప్ట్ జోలికి పోకుండా, ఫారమ్ 320 పిక్సెల్స్‌తో కుడివైపే ఉండి, టేబుల్ మాత్రం తన కాలమ్ లోపలే అడ్డంగా స్క్రోల్ అవ్వాలంటే ఏ ఎలిమెంట్‌కి ఏ ప్రాపర్టీ ఇవ్వాలి?