మాక్3 లైసెన్స్ ఫైల్ పెట్టినా డెమో మోడ్‌లోనే ఉంది, ఏం చూడాలి?

సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ నడిపే కోత యంత్రం) పీసీ మార్చి, 32 బిట్ విండోస్ 7లో దాన్ని నడిపే మాక్3 ప్రోగ్రామ్ ఎక్కించాం (యంత్రాన్ని పీసీకి కలిపే పాత ప్రింటర్ పోర్ట్, అంటే ప్యారలల్ పోర్ట్ డ్రైవర్ 64 బిట్‌లో నడవదు కదా). మాక్1లిక్.డాట్ (Mach1Lic.dat) లైసెన్స్ ఫైల్‌ని సి డ్రైవ్‌లోని మాక్3 ఫోల్డర్‌లో, ప్రోగ్రామ్ పక్కనే కాపీ చేశాం. మూసి తెరిచినా హెల్ప్‌లోని అబౌట్‌లో లైసెన్స్ పేరు రావట్లేదు. 500 లైన్లు దాటిన జీకోడ్ (యంత్రం ఎలా కదలాలో చెప్పే ఆదేశాల ఫైల్) పూర్తిగా లోడ్ కావట్లేదు.

ఫైల్ పేరు చివర్లు కనిపించేలా పెట్టి చూశాం: వెనక .టీఎక్స్‌టీ తోక లేదు, రెండోసారి డౌన్‌లోడ్ చేస్తే బ్రౌజర్ తగిలించే (1) కూడా లేదు. నోట్‌ప్యాడ్‌లో తెరిచి సేవ్ చేస్తే పాడవుతుందని అసలు ముట్టుకోలేదు. తర్వాతి వెర్షన్ మాక్4లాగా ఈ లైసెన్స్ పీసీ ఐడీకి ముడిపడింది కాదు, పేరు మీద ఇచ్చేది. కాబట్టి పీసీ మారడం కారణం కాకూడదు.

మెయిల్ నుంచి దించేటప్పుడే ఫైల్ చెడిందా? పాత పీసీలోని కాపీతో బైట్ల సైజు పోలిస్తే సరిపోతుందా, జిప్ చేసి తెచ్చుకోవాలా? డెస్క్‌టాప్ షార్ట్‌కట్ వేరే ఫోల్డర్‌లోని ఇంకో మాక్3ని తెరుస్తోందేమో ఎలా తేల్చాలి?

ఇంకొకటి: బ్యాకప్‌కి లైసెన్స్‌తోపాటు మోటార్ ట్యూనింగ్ ఉండే ఎక్స్‌ఎంఎల్ ప్రొఫైల్ కూడా పెన్‌డ్రైవ్‌లో పెడుతున్నాం. మాక్రోల (చిన్న స్క్రిప్ట్‌ల) ఫోల్డర్ కాక ఇంకేమైనా మిగిలాయా?