ఎర్త్‌సీ నాలుగో పుస్తకం: లె గ్విన్ చిన్న పాఠకులకు అన్యాయం చేశారా?

కాగితప్పడవ:
అమెరికన్ రచయిత్రి ఉర్సులా లె గ్విన్ రాసిన ఎర్త్‌సీ నవలలు (దీవుల లోకంలో మంత్రగాళ్ల కథలు) వరసపెట్టి మళ్లీ చదివాను. మూడింటిదాకా హాయిగా సాగింది, నాలుగోదానికొచ్చేసరికి ఒళ్లు మండింది. చదవనివాళ్ల కోసం రెండు ముక్కలు. మొదటిది 1968లో వచ్చింది, అదీ ఓ చిన్న ప్రచురణకర్త కాస్త పెద్దపిల్లల కోసం నవల రాసిపెట్టమని అడిగితే. రెండోది 1971, మూడోది 1972. మూడోదానికి పిల్లల పుస్తకాల విభాగంలో అమెరికా నేషనల్ బుక్ అవార్డు. అందులో లోకాన్ని నిలబెట్టడానికి మంత్రగాడైన కథానాయకుడు గెడ్ తన మంత్రశక్తినంతా ధారపోసి, డ్రాగన్ వీపెక్కి వెళ్లిపోతాడు. కథ అయిపోయింది.

18 ఏళ్లు ఊరుకుని 1990లో 'టెహాను' తెచ్చారు. ఇందులో గెడ్ మేకలు కాస్తుంటాడు. రెండో పుస్తకంలో నాయిక టెనార్ ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి, భర్త పోయాడు. ఆవిడ చేరదీసిన పసిదాన్ని తనవాళ్లే హింసించి నిప్పుల్లో పడేశారు. మొదటిది చదివినప్పుడు నాకు పన్నెండేళ్లు. అదే ఊపులో ఇదీ చేతికొచ్చుంటే? పిల్లల్ని పిలిచి కూర్చోబెట్టి సగం కథయ్యాక పెద్దవాళ్ల వైపు తిరిగి మాట్లాడ్డం ఏం మర్యాద? పెద్దలకు రాయాలనుంటే విడిగా రాసుకోవచ్చుగా. 1969లోనే 'ద లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్' రాసిన మనిషి!

రెండోమెట్టు:
అయిపోయిందెవరి కథండీ? గెడ్‌ది. మరి టెనార్‌ది? రెండో పుస్తకం మొత్తం ఆ పిల్లదే. ఊహ తెలియని వయసులో తీసుకెళ్లి, పేరు లాగేసి, చీకటి సమాధులకు పూజారిణిని చేస్తారు. చివర్లో గెడ్ చెయ్యి పట్టుకుని హావ్నోర్ నగరంలో దిగుతుంది. ఆ తర్వాత? మూడోదాంట్లో కథలో మనిషే లేదు. ఆ తర్వాతి కథ లె గ్విన్ 18 ఏళ్లకి చెప్పారని మీకు కోపం, అన్నేళ్లు చెప్పలేదని నాకు.

మేకలు కాయడం మీకు నామోషీగా తోచినట్టుంది. మొదటి పుస్తకం మొదటి అధ్యాయం ఒకసారి తీయండి. గెడ్ వేసిన మొట్టమొదటి మంత్రమే మేకల్ని పిలిచేది. మంత్రగత్తె నోట విని, అర్థం తెలియకుండా అరిచేస్తాడు. మేకలన్నీ వచ్చి ఒరుసుకుంటాయి, పొమ్మంటే పోవు. హడలిపోయి ఊళ్లోకి పరిగెడితే, వాణ్ణి వాటినుంచి విడిపించింది ఆ మంత్రగత్తే. అక్కడే గెడ్ పుట్టిన దీవిలో అనుకునే మాటలూ ఉంటాయి: ఆడదాని మంత్రం బలహీనమని, ఆడదాని మంత్రం దుష్టమని. ఆ మాటలు పిల్లల చెవిన వేసిందీ, రోక్ మంత్రాల బడిలో ఆడపిల్లకు చోటివ్వనిదీ లె గ్విన్ గారే. దాన్ని దిద్దాల్సిందెవరు, పక్కింటివాళ్లా?

సున్నా:
ఇన్ని మాటల్లో ఒక్కరూ ఎత్తలేదు. గెడ్ మొదటి పుస్తకం నుంచీ రాగి రంగువాడు. అట్టల మీద, 2004 టీవీ సీరియల్లో తెల్లబడ్డాడు. నిజంగా మాట తప్పింది వాళ్లు.

కాగితప్పడవ:
సున్నా గారూ, నూరు శాతం ఒప్పుకుంటా, కానీ అది వేరే చర్చ.

రెండోమెట్టు గారూ, మేకల సంగతి నాకు తట్టలేదు, బావుంది. అయినా దిద్దుబాటు వేరు, దండన వేరు. 1992లో ఆక్స్‌ఫర్డ్‌ ప్రసంగంలో లె గ్విన్ గారే చెప్పుకున్నారు, వీరగాథ అంటే మగవాడి కథే అన్న సంప్రదాయంలో ఉండి ఆ మూడూ రాశానని. సరే. కానీ ఆ లెక్క తేల్చుకోవడానికి ఈ పుస్తకంలో ఏం చేశారు? ఆస్పెన్ అనే మంత్రగాణ్ణి పెట్టారు. ఆడవాళ్లంటే గిట్టదు, అంతకుమించి వాడిలో ఏమీ లేదు. మొదటి పుస్తకంలో శత్రువు గెడ్ సొంత నీడ. దానికి తన పేరే పెట్టి పిలుస్తాడే, అక్కడ నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. అంత రాసిన చెయ్యి ఈ అట్టబొమ్మ దగ్గర ఆగిందేమిటి?

పాత అట్ట:
ఆస్పెన్ విషయంలో కాగితప్పడవ గారిదే రైటు. మిగతాది అరల గొడవ. నేను లైబ్రరీలో పిల్లల విభాగం చూస్తాను. వరస నవలల్ని విడదీయలేం, మూడు ఎక్కడుంటే నాలుగోదీ అక్కడికే చేరుతుంది. 'టెహాను'కొచ్చిన నెబ్యులా (సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే అవార్డు) పిల్లల పుస్తకాలకిచ్చేది కాదు, అయినా చోటు మాత్రం అదే అర. అలాగని అట్ట మీద వయసు అచ్చేస్తే సరిపోతుందా అంటే, 2008లో బ్రిటన్ ప్రచురణకర్తలు ఆ ప్రయత్నం చేస్తే ఫిలిప్ పుల్‌మన్‌తో సహా చాలామంది రచయితలు ఎదురుతిరిగారు. చదువు కాస్త వెనకబడిన పన్నెండేళ్లవాడు '7+' అని ఉన్న పుస్తకం పట్టుకుని నలుగురిలో తిరుగుతాడా?

ఒకసారి పదకొండేళ్ల పిల్ల 'టెహాను' తీసుకెళ్లి రెండు రోజుల్లో తెచ్చిచ్చింది. భయపడిందేమోనని అడిగాను. "ఆ కాలిన పాప పేజీలు బావున్నాయి. మిగతాదంతా గిన్నెలు కడగడమే" అంది. మీరు భయపడిన గాయం దానికి తగల్లేదు, విసుగొచ్చింది అంతే.

రెండోమెట్టు:
గిన్నెలు 😀 అదేనండీ కథ! టెనార్ కొడుకు తిని లేస్తాడు, తన కంచం కడుక్కోమంటే అది ఆడవాళ్ల పని అంటాడు. రెండో పుస్తకంలో లోకాన్ని కాపాడిన ఉంగరాన్ని మోసుకొచ్చిన చేతులతో ఆ కంచం ఆవిడే తియ్యాలి. పదకొండేళ్లకు విసుగే, కాదనను. నాకు మాత్రం అక్కడ పుస్తకం మూసి కాసేపు కూర్చోవాల్సొచ్చింది.

సున్నా:
మాట తప్పడం గురించే అయితే నా దగ్గర రుజువుంది. 'టెహాను' అట్ట మీద 'ఎర్త్‌సీ చివరి పుస్తకం' అని వేశారు. 2001లో ఇంకో రెండొచ్చాయి.

పాత అట్ట:
హహ. కానీ పిల్లల్ని వదిలేసి పెద్దల వైపు తిరిగారన్నది మాత్రం నిలబడదు. 1988లో రెక్కల పిల్లుల కథ మొదలుపెట్టింది చిన్నపిల్లల కోసమే. 2004, 2006, 2007ల్లో మళ్లీ టీనేజీ పిల్లలకు మూడు నవలలు, డెబ్బై దాటాక! ఆవిడ గదులు మారుతూనే ఉన్నారు. ఎటొచ్చీ ఒక్క ఎర్త్‌సీలోనే గది మారకుండా వయసు మారింది.

కాగితప్పడవ:
ఆ చివరి వాక్యమే నా ఫిర్యాదు కూడా. మీరు మెచ్చుకోలుగా అన్నారు, అంతే తేడా.

అసలీ చర్చ ఎందుకు మొదలెట్టానంటే, మా మేనకోడలు పన్నెండేళ్లది, నిన్న మూడోది పూర్తిచేసింది. ఇంకోటి ఉందా అనడిగింది. ఉందన్నాను, కానీ ఇంకా ఇవ్వలేదు.

రెండోమెట్టు:
ఎవరి కోసం అడిగింది, గెడ్ కోసమా, టెనార్ కోసమా?

కాగితప్పడవ:
డ్రాగన్ కోసం.