బెంచ్ డాగ్‌లు వానలకి బిగుసుకుపోయాయి, ఎలా చెయ్యాలి?

చెక్కపొట్టు (కాకినాడ):

అందరికీ నమస్కారం. పాత ఇల్లు విప్పినప్పుడు వచ్చిన టేకు దూలాలతో వర్క్‌బెంచ్ చేసుకున్నాను, పై పలక మందం మూడంగుళాలు, ఎడమ చివర చెక్కని దవడల మధ్య బిగించే ఒక వైస్. చిత్రిక పట్టేటప్పుడు చెక్క కదలకుండా ఉండాలని మే నెలలో ముప్పావు అంగుళం బెజ్జాలు రెండు వేసి, మిగిలిన టేకు ముక్కల్నే గుండ్రంగా చెక్కి డాగ్‌లుగా (చెక్కకి అడ్డుగా నిలిచే మేకుల్లాంటివి) దించాను. అప్పుడు ఎంత బాగా కుదిరాయంటే వేలితో నొక్కితే దిగేవి, వదిలితే అక్కడే నిలిచేవి. జులైలో వానలు పట్టాక చూస్తే రెండూ బిగుసుకుపోయాయి. ఒకటి కింది నుంచి సుత్తితో కొడితే వచ్చింది కానీ చీలిపోయింది, రెండోది ఇప్పటికీ రాలేదు. పైగా ఆ రెండో బెజ్జం హ్యాండ్ డ్రిల్‌తో వేస్తుంటే వాలిపోయింది, డాగ్ ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. ఇంకా పది బెజ్జాలు వెయ్యాలి, ఈ సంగతి తేలకుండా ఆ పలక మీద మళ్ళీ డ్రిల్ పెట్టాలంటే టెన్షన్‌గా ఉంది. డాగ్‌కి ఏ కర్ర మంచిది? బెజ్జం నిటారుగా ఎలా వస్తుంది? గుండ్రటివి వదిలేసి చదరపు డాగ్‌లు చేసుకోమంటారా?

పాతరంపం (నిజామాబాద్):

తమ్ముడూ, ముందు ఆ రాని డాగ్‌ని కొట్టడం ఆపు. వానలు పోయి గాలి పొడిబడితే దానంతటదే వదులవుతుంది, ఇప్పుడు కొడితే బెజ్జం అంచు లేచిపోతుంది.

తప్పు కర్రది కాదు, టేకు తక్కువ ఉబ్బే కర్రే. నడి ఎండల్లో, కర్ర పూర్తిగా ఆరి ఉన్నప్పుడు సందు లేకుండా దించావు, అదీ సంగతి. కర్ర పొడుగునా పెద్దగా పెరగదు, అడ్డంగా ఉబ్బుతుంది, ఆ అడ్డంలో కూడా అన్ని వైపులా ఒకేలా ఉబ్బదు, అందుకే గుండ్రటి డాగ్ తేమకి కొంచెం కోడిగుడ్డులా తయారవుతుంది. బెజ్జమూ అంతే. కాబట్టి డాగ్‌ని బెజ్జం కంటే అర మిల్లీమీటరు సన్నగా చెయ్యి. వేస్తే జారి కింద పడిపోవాలి, అంత వదులు ఉండాలి.

మరి నిలబడేదెలా అంటావు. వెదురు బద్దతో. బొటనవేలి గోరంత వెడల్పు బద్ద తీసుకుని, పచ్చ తొక్క వైపు బయటికి పెట్టు, గట్టిదనమంతా ఆ వైపే ఉంటుంది. డాగ్ పక్కన ఒక గాడి తీసి, బద్ద కింది కొసని అందులో జిగురూ చిన్న స్క్రూ వేసి బిగించు. పై కొస రెండు మిల్లీమీటర్లు బయటికి పొడుచుకుని ఉండాలి, నొక్కితే గాడిలోకి అణగాలి. బెజ్జంలోకి దించగానే అది గోడకి ఆనుకుని పట్టేస్తుంది, వానైనా ఎండైనా తేడా రాదు. ఒక్క జాగ్రత్త, బద్ద పై కొస ఎప్పుడూ బెజ్జం లోపలే ఉండాలి. డాగ్‌ని మరీ పైకి లాగినప్పుడు అది బయటపడిందో, మళ్ళీ దించేటప్పుడు అంచుకి తగులుకుని విరుగుతుంది. అందుకే బద్దని బాగా కిందికి పెట్టుకో.

కర్ర అడిగావు కదా, నల్ల తుమ్మ దొరికితే వదలకు. మన ఎడ్లబండి చక్రాలకి వాడిన కర్ర అది, దెబ్బకి ఓర్చుకుంటుంది. రంపంతో కొయ్యకుండా గొడ్డలితో చీల్చి తీసిన ముక్కయితే నార నిలువునా తిన్నగా ఉంటుంది, తల చీలదు.

గ్యారేజ్_టు (డాలస్):

బ్రదర్, బెజ్జాల గురించి నేను చెప్తాను, నాకూ మొదటి రెండూ వాలిపోయాయి. మూడంగుళాల మందం ఉన్న గట్టి దిమ్మ తీసుకెళ్ళి దగ్గర్లో డ్రిల్ ప్రెస్ (స్టాండుకి బిగించిన, తిన్నగా కిందికి దిగే డ్రిల్) ఉన్న షాపులో నిటారుగా ఒక బెజ్జం వేయించండి, అదే మీ గైడ్. పలక మీద గీత చూసుకుని ఆ దిమ్మని క్లాంప్‌తో బిగించి, దాని లోంచి డ్రిల్ దించండి. కింద ఒక వేస్ట్ చెక్క బిగించకపోతే బిట్ బయటికొచ్చే చోట పెచ్చులు లేస్తాయి. వేశాక పై అంచుని చుట్టూ కొంచెం వాలుగా గీకండి, డాగ్ లాగినప్పుడల్లా అంచు చిట్లకుండా.

ఇంకోటి, బెజ్జం సైజు ఇప్పుడే తేల్చుకోండి. ముప్పావు అంగుళం అంటే 19 మి.మీ., కొన్నిటికి 20 మి.మీ. వాడతారు. ఫెస్టూల్ కంపెనీ వాళ్ళ ఎంఎఫ్‌టీ అనే వర్క్ టేబుళ్ళలో 20 మి.మీ. బెజ్జాలు, మధ్యకి మధ్య 96 మి.మీ. దూరం. రేపు హోల్డ్‌ఫాస్ట్ (బెజ్జంలో దించితే చెక్కని పైనుంచి నొక్కి పట్టే ఇనుప కొక్కెం) లాంటిదేదైనా కొనాలంటే మీ సైజుకి దొరికేదే కొనాలి. బెజ్జాల మధ్య దూరం మాత్రం మీ వైస్ తెరుచుకునే దానికంటే తక్కువ ఉండాలి, లేదంటే కొన్ని పొడవుల చెక్కలు ఏ బెజ్జానికీ అందవు. నేను నాలుగంగుళాలకి ఒకటి వేశాను. వైస్ దవడలో ఉన్న డాగ్ కూడా అదే గీత మీదికి రావాలి.

బాడిస (హైదరాబాద్):

చెక్కపొట్టు గారూ, చదరపు డాగ్‌ల ఆలోచన ఇప్పటికి మానెయ్యండి. వాటి గూళ్ళు పలక అతికించక ముందే ముందు పట్టీలో గాళ్ళుగా కోసుకుంటారు, వైస్ వైపు రెండు డిగ్రీలు వాల్చి. తయారైపోయిన మూడంగుళాల టేకులో ఉలితో అన్ని చదరపు గూళ్ళు దించడం నరకం. పైగా గుండ్రటి డాగ్‌కి ఒక సుఖం ఉంది, వంకర చెక్క పెట్టినా దాని ముఖం తనే తిరిగి ఆనుకుంటుంది.

ఆ ముఖం సంగతి ఎవరూ చెప్పలేదు. తల దగ్గర అంగుళం పొడవున ఒక పక్క చదునుగా కోయండి, పై కొస చెక్క వైపు రవ్వంత ముందుకు వాలి ఉండాలి. తిన్నగా కోస్తే బిగించినప్పుడు డాగ్ వెనక్కి ఒరిగి చెక్క పైకి లేస్తుంది. ఆ ముఖానికి చిన్న తోలు ముక్క అతికిస్తే చెక్క అంచు మీద గుర్తు పడదు. వైస్ కూడా మరీ బిగించకండి. పల్చటి పలక విల్లులా వంగుతుంది, మీరు చదును చేశానని వదలగానే మధ్యలో గుంట కనిపిస్తుంది. నేను అలా ఒక పెట్టె మూత పాడు చేసుకున్నాను.

డాగ్ తల ఎప్పుడూ చెక్క పైభాగం కంటే కిందే. కర్ర డాగ్ అయితే పొరపాటున చిత్రిక తగిలినా బ్లేడు బతుకుతుంది, ఇనుముదైతే బ్లేడు పదును పోతుంది.

చెక్కపొట్టు (కాకినాడ):

అందరికీ చాలా థాంక్స్. పాతరంపం అన్నయ్యా, తుమ్మ దొరకలేదు కానీ ఇంట్లో ఉన్న టేకుతోనే అర మిల్లీమీటరు తగ్గించి, వెదురు బద్ద వేసి, మొదటి బెజ్జంలో దించాను. బయట వాన పడుతూనే ఉంది, ఒక వేలితో పైకీ కిందికీ వస్తోంది! ఆ వాలిన బెజ్జాన్ని ఏం చెయ్యమంటారు?

పాతరంపం (నిజామాబాద్):

డాగ్ బయటికి వచ్చాక టేకు బిరడా జిగురుతో దించి పూడ్చెయ్, రెండు రోజులు ఆగి గైడ్ దిమ్మ పెట్టి అదే చోట మళ్ళీ వెయ్యి. బిరడా మాత్రం ఇప్పుడు ఈ తేమలో చెయ్యకు తమ్ముడూ, సంక్రాంతి దాటనీ.