అప్‌డేట్: రిపేరుకు పంపిన పిస్టల్ తిరిగొచ్చింది
కాల్చాక ఖాళీ తూటా గొట్టం బయటికి రాకుండా ఇరుక్కుంటోందని, పిస్టల్ కంపెనీ కస్టమర్ సర్వీస్ పట్టించుకోవట్లేదని ఇంతకుముందు అడిగాను కదా. మీలో కొందరు చెప్పినట్టు ఫోన్లు మానేసి, లోపం కనిపించే వీడియోతో ఈమెయిల్ పెట్టాను. అప్పుడుగానీ కదల్లేదు. ఖాళీ గొట్టాన్ని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ అనే భాగాన్ని, దాని స్ప్రింగ్‌ని మార్చారు. అమెరికా ఫెడరల్ నిబంధనల ప్రకారం రిపేరైన తుపాకీని కంపెనీ నేరుగా యజమానికే పంపొచ్చు, డీలర్ ద్వారా రానక్కర్లేదు. ఇక్కడ టెక్సస్‌లో ఇంటికే వచ్చింది. షూటింగ్ రేంజ్‌లో కాల్చి చూశాను, ఒక్కసారీ ఇరుక్కోలేదు.

అయినా కోపం తగ్గలేదు. మొదట పంపినప్పుడు “పరీక్షించాం, లోపం లేదు” అని ఒక్క ముక్క రాసి తిప్పి పంపారు. ఆత్మరక్షణకు కొన్నది అది! అవసరమైన క్షణంలో మొరాయిస్తే? అప్పుడు ఏం పరీక్షించారో, ఎన్ని తూటాలు కాల్చారో ఇప్పటికీ చెప్పలేదు. ఆ వివరాలు రాతపూర్వకంగా కావాలని మళ్లీ అడిగాను.