ఆర్కిటెక్ట్ ఆఫీసు గూగుల్ యాడ్స్‌కి డబ్బు పెట్టొచ్చా? పెడితే పని వస్తుందా? (బెంగళూరు)

పునాదిరాయి:
హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో నలుగురం ఉన్న ఆఫీసు. ఎక్కువగా 30×40, 40×60 అడుగుల సైట్లలో సొంతిళ్లు. ఇన్నాళ్లూ పాత క్లయింట్ల మాట మీదే కొత్త పని వస్తోంది. ఇప్పుడొక మార్కెటింగ్ ఏజెన్సీ నెలకు గూగుల్ యాడ్స్‌కి 40 వేలు, తమ ఫీజు 15 వేలు అడుగుతోంది. నెలకు 60 లీడ్లు (నంబరు ఇచ్చి వివరాలు అడిగేవాళ్లు) గ్యారంటీ అంటున్నారు. మా ఇద్దరు భాగస్వాముల్లో ఒకరు సై అంటున్నారు, ఇంకొకరు కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ (ఆర్కిటెక్టులను రిజిస్టర్ చేసే సంస్థ) రూల్స్ ఒప్పుకోవంటున్నారు. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

కొలబద్ద:
వద్దనేవారిదే రైటు. 1989 నాటి ఆర్కిటెక్ట్స్ వృత్తి ప్రవర్తన నిబంధనలు ఒకసారి చదవండి. రిజిస్టర్డ్ ఆర్కిటెక్ట్ తన సేవలకు ప్రకటన ఇవ్వకూడదు. మినహాయింపులు కొన్నే ఉన్నాయి. అడ్రసు మారితే మూడుసార్లు ప్రకటించుకోవచ్చు. ఆఫీసు బయట, మీరు డిజైన్ చేసిన బిల్డింగు మీద పేరు పెట్టుకోవచ్చు, అక్షరాల ఎత్తు 10 సెంటీమీటర్లు దాటకూడదు. టెండర్లకు, స్టాఫ్ కావాలన్నప్పుడు ప్రకటన ఇవ్వొచ్చు. మీ పని గురించి పత్రికల్లో, ఇతర మాధ్యమాల్లో వస్తే పేరు వేయనివ్వొచ్చు, కానీ దానికి డబ్బు ఇవ్వకూడదు, తీసుకోకూడదు. ఈ చివరి మాటే మీ ప్రశ్నకు జవాబు. మీరు డిజైన్ చేసిన ఇంటి ఫొటోలు ఇన్‌స్టాగ్రామ్‌లో ఊరికే పెట్టడం ఒకటి, అదే పోస్టును డబ్బిచ్చి బూస్ట్ చేయడం ఇంకొకటి.

ఏజెన్సీతో మాట్లాడేటప్పుడు ఇంకో నిబంధన కూడా గుర్తుంచుకోవాలి. క్లయింట్‌నో పనినో పరిచయం చేసినందుకు కమిషన్, డిస్కౌంట్, బహుమతి ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు. "సంతకం అయిన ప్రతి ప్రాజెక్టుకూ ఇంత శాతం" అనే ఒప్పందం పక్కాగా దీని కిందికే వస్తుంది. కంప్లయింట్ వెళ్లి దుష్ప్రవర్తన రుజువైతే కౌన్సిల్ సస్పెండ్ చేయొచ్చు, రిజిస్టర్ నుంచి పేరే తీసేయొచ్చు. 55 వేల కోసం అంత రిస్కా?

క్లిక్‌లెక్క:
కొలబద్ద గారూ, రూలు ఉన్నమాట నిజమే. కానీ అది ఎవరిని కట్టేస్తోందో కూడా చూడాలి కదండీ. 2020 మార్చిలో ముఖేష్ గోయల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది: 1972 ఆర్కిటెక్ట్స్ చట్టంలోని 37వ సెక్షన్ ఆర్కిటెక్ట్ అనే టైటిల్ వాడకాన్నే అడ్డుకుంటుంది, ఆ పని చేయడాన్ని కాదు. అంటే రిజిస్ట్రేషన్ లేని డిజైన్ అండ్ బిల్డ్ కంపెనీ ఆర్కిటెక్ట్ అని రాసుకోకుండా "హౌస్ డిజైన్" అని నెలకు లక్షలు పోసి ప్రకటనలు ఇవ్వొచ్చు. ఐదేళ్లు చదివి రిజిస్టర్ అయినవాడు మాత్రం నోరు మూసుకుని కూర్చోవాలి. ఇల్లు కట్టుకునేవాళ్లకు దీనివల్ల ఒరిగేదేంటి? వాళ్ల కంటపడేది ప్రకటన ఇచ్చినవాడే. రూలు మారాలని గట్టిగా అడగాల్సింది మనమే.

అయితే ఏజెన్సీ చెప్పే 60 లీడ్ల మాట నేనూ నమ్మను. బెంగళూరులో "ఆర్కిటెక్ట్" అనే కీవర్డ్‌ని బ్రాడ్ మ్యాచ్‌లో (కాస్త సంబంధమున్న ఏ వెతుకులాటకైనా యాడ్ చూపించే పద్ధతి) వదిలేస్తే డబ్బు సగం సాఫ్ట్‌వేర్ వాళ్ల క్లిక్కులకే పోతుంది. సెర్చ్ టర్మ్స్ రిపోర్ట్ తెరిస్తే కనిపించేవి ఇలా ఉంటాయి: "సొల్యూషన్ ఆర్కిటెక్ట్ శాలరీ", "క్లౌడ్ ఆర్కిటెక్ట్ సర్టిఫికేషన్", "నాటా కోచింగ్", "బీఆర్క్ కాలేజెస్", "ఆర్కిటెక్ట్ ఇంటర్న్‌షిప్", "30×40 డ్యూప్లెక్స్ ప్లాన్ పీడీఎఫ్ ఫ్రీ". వీటిలో ఒక్కటి కూడా సైటు ఉన్నవాడు కొట్టింది కాదు. క్యాంపెయిన్ మొదలుపెట్టకముందే జాబ్, శాలరీ, కోర్స్, కాలేజ్, సాఫ్ట్‌వేర్, సొల్యూషన్, క్లౌడ్, డేటా, ఇంటర్న్, ఫ్రీ, పీడీఎఫ్ అన్నీ నెగెటివ్ కీవర్డ్స్‌లో (ఈ మాటలుంటే యాడ్ చూపించొద్దనే జాబితా) పడాలి. మ్యాచ్ ఎగ్జాక్ట్ (అదే అర్థంతో వెతికితేనే) కానీ ఫ్రేజ్ (ఆ మాట అర్థం వెతుకులాటలో ఉంటేనే) కానీ ఉండాలి. డిస్‌ప్లే నెట్‌వర్క్ (ఇతర వెబ్‌సైట్లు, యాప్‌లలో యాడ్స్) టిక్ తీసేయాలి, లేకపోతే సెర్చ్ కోసం పెట్టిన డబ్బు గేమ్ యాప్‌ల్లోకి జారుతుంది. లొకేషన్ సెట్టింగ్ మామూలుగా "ఆ ఊళ్లో ఉన్నవాళ్లు లేదా ఆ ఊరిపై ఆసక్తి ఉన్నవాళ్లు" అని ఉంటుంది, దాన్ని "ఉన్నవాళ్లు మాత్రమే"కి మార్చాలి. ఎన్నారైలు కావాలంటే వాళ్లకు వేరే క్యాంపెయిన్.

ఇటుకవరస:
ఆ డబ్బు లెక్కే ఒకసారి వేద్దాం. 40 వేల మీద 18 శాతం జీఎస్టీ, అంటే 47,200. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే క్రెడిట్ వస్తుంది, లేకపోతే ఖర్చే. ఉదాహరణకు క్లిక్కు 80 రూపాయలు అనుకుందాం, 40 వేలకు 500 క్లిక్కులు. వందకు నలుగురు ఫారం నింపారనుకుంటే 20 మంది. వాళ్లలో సైటు చేతిలో ఉండి, ఖాతా (కార్పొరేషన్ ఆస్తి రికార్డు) సరిగ్గా ఉండి, ఈ ఏడాదే మొదలుపెట్టేవాళ్లు ఎంతమంది? మరి ఏజెన్సీ 60 ఎలా చెబుతోంది? మెటాలో (ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్) లీడ్ ఫారం పెడితే పేరు, ఫోన్ నంబరు దానంతటదే నిండిపోతుంది. వేలు జారినా లీడే. ఫోన్ చేస్తే "నేనెప్పుడు అడిగానండీ" అంటారు.

ఫారంలో నాలుగు ప్రశ్నలు కచ్చితంగా ఉండాలి: సైటు కొలత, ఎక్కడ, ఏ ఖాతానా (రికార్డులు సక్రమంగా ఉన్నది) బీ ఖాతానా (లోపాలున్నది), పని ఏ నెలలో మొదలుపెట్టాలనుకుంటున్నారు. వీటిని ఎవరికి వారు టైప్ చేయాలి, ముందే నిండి ఉండకూడదు. లీడ్లు మూడో వంతుకు పడిపోతాయి అని ఏజెన్సీ భయపెడుతుంది. పడిపోనివ్వండి, ఆఫీసులో నలుగురే ఉన్నారు, రోజంతా ఫోన్లు ఎవరు మాట్లాడతారు?

క్లిక్‌లెక్క:
ఒప్పుకుంటాను. దీనికి ఇంకోటి కలపాలి. ఇల్లు కట్టుకునేవాడు మొదటిసారి వెతికిన రోజుకూ, ఆర్కిటెక్ట్‌తో అగ్రిమెంట్ చేసుకునే రోజుకూ మధ్య ఆరేడు నెలలు గడిచిపోవచ్చు. లోన్, ఖాతా, తల్లిదండ్రుల మాట, ముహూర్తం, అన్నీ ఉంటాయి. గూగుల్ యాడ్స్‌లో బయట జరిగిన డీల్‌ని వెనక్కి అప్‌లోడ్ చేయాలంటే క్లిక్ పడిన 90 రోజుల్లోపే చేయాలి. అందుకని అగ్రిమెంట్‌ని కన్వర్షన్‌గా (యాడ్ వల్ల వచ్చిన ఫలితంగా సిస్టమ్ లెక్కేసేది) పెట్టుకుంటే సిస్టమ్‌కు చేరేది దాదాపు సున్నా. ఫారం నింపడాన్నే కన్వర్షన్‌గా పెడితే ఉత్త ఫారాలు నింపేవాళ్లనే వెతికి తెచ్చి పోస్తుంది. మధ్యలో ఉన్న మెట్టు పట్టుకోవాలి, అంటే సైటు చూడటానికి పిలిచిన రోజు. అది సాధారణంగా 90 రోజుల్లోపే వస్తుంది. గూగుల్ క్లిక్ ఐడీని (ప్రతి క్లిక్కుకూ గూగుల్ ఇచ్చే గుర్తు) ఫారంతో పాటు సేవ్ చేసుకుని, సైట్ విజిట్ జరిగాక దాన్ని అప్‌లోడ్ చేయాలి. ఈ పని చేస్తారా అని ఏజెన్సీని అడగండి. ముఖం చూస్తేనే తెలిసిపోతుంది.

కొలబద్ద:
పద్ధతి బాగానే చెప్పారు, కానీ రూలు అక్కడే ఉంది కదా. పక్కవాడు తప్పించుకుంటున్నాడని మనమూ దాటితే, రేపు కంప్లయింట్ పెట్టేది ఆ పక్కవాడే. కొందరు ప్రకటనల కోసం వేరే పేరుతో కన్‌స్ట్రక్షన్ కంపెనీ తెరుస్తున్నారు. అందులో ఆర్కిటెక్ట్ అనే మాట వాడితే అదో చిక్కు. 37వ సెక్షన్ ప్రకారం భాగస్వాములందరూ రిజిస్టర్ అయితేనే ఆ ఫర్మ్ రిజిస్టర్ అయినట్టు లెక్క.

ఇంకోటి. "మొదటి ప్లాన్ ఫ్రీ, 3డీ ఎలివేషన్ ఫ్రీ" అనే ఆఫర్ అసలు పెట్టకండి. ఇతర ఆర్కిటెక్టులతో పోటీపడుతూ ఫీజు లేకుండానో తగ్గించో డిజైన్ చేసి ఇవ్వడం కూడా నిబంధనలకు విరుద్ధమే, కౌన్సిల్ మార్గదర్శకాల ప్రకారం జరిగే కాంపిటిషన్ తప్ప. ఏజెన్సీలు ముందు అడిగేది ఈ ఫ్రీ ఆఫరే.

తూర్పువాకిలి:
అందరూ యాడ్స్ చుట్టూనే తిరుగుతున్నారు. రూల్స్‌తో పేచీ తక్కువగా ఉండి, డబ్బు ఖర్చు కాని దారి ఒకటుంది, దాన్ని చాలా ఆఫీసులు సగంలో వదిలేస్తాయి. మీ వెబ్‌సైట్‌లో ప్రాజెక్ట్ పేజీ తెరిచి చూడండి. ఒక అందమైన పేరు, పదిహేను ఫొటోలు, కింద రెండు ముక్కల కవిత్వం. ఆ పేరు పెట్టి వెతికేవాడు ఇంటి ఓనరు ఒక్కడే.

తూర్పు ముఖం 30×40 సైటు పేజీ ఎలా ఉండాలో చెబుతాను. పేజీ టైటిల్‌లో ఏరియా, సైటు కొలత, ముఖం ఉండాలి. మొదటి పేరాలో 1,200 చదరపు అడుగుల సైటు, రోడ్డు ఎటు, ఎన్ని అంతస్తులు, మొత్తం బిల్టప్ ఏరియా, ఏ సంవత్సరంలో పూర్తయింది, మీ పని డ్రాయింగుల వరకేనా సైట్ సూపర్‌విజన్ కూడానా అన్నది. తర్వాత అసలు సమస్య: రెండు పక్కలా ఇళ్లు ఆనుకుని ఉంటాయి, మధ్య గదుల్లో పగలే లైటు వేయాలి. మీరేం చేశారు? మెట్లను దక్షిణం గోడకు జరిపి పైన గాజు కప్పు వేశారా, 4 అడుగుల వెడల్పు డక్ట్ (గాలి, వెలుతురు కోసం పైదాకా వదిలే ఖాళీ) వదిలారా? ఆ డక్ట్ వల్ల ఏ గది ఎంత చిన్నదైంది? కార్ పార్కింగ్ కోసం గ్రౌండ్ ఫ్లోర్ ఎంత పోయింది? సంపు ఈశాన్యంలో పెట్టాలంటే గేటు, కారు ఎటు జరిగాయి? ఇవన్నీ కలిపి 600 మాటలు. క్లయింట్ రాత్రి పదకొండింటికి ఫోన్‌లో వెతికేది సరిగ్గా ఇవే. చదివి ఫోన్ చేసినవాడు రేటు కంటే ముందు "మా సైటులో కూడా అలా డక్ట్ వదలొచ్చా" అని అడుగుతాడు. అలాంటి ఫోను వచ్చాక సగం పని అయినట్టే.

ఫొటోల విషయం. ఫొటోగ్రాఫర్ ఇచ్చిన 8 ఎంబీ ఫైలును అలాగే ఎక్కించడం వల్లే పేజీ తెరుచుకోదు. వెడల్పు 1,600 పిక్సెళ్లకు తగ్గించి, వెబ్‌పీ ఫార్మాట్‌లో 200-300 కేబీ లోపు ఉంచండి. పేజీలో ప్రధాన బొమ్మ 2.5 సెకన్ల లోపు కనిపించాలన్నది గూగుల్ పెట్టుకున్న కొలత. ముందు పేజీలో స్లైడర్ పెడితే ఐదు బొమ్మలు ఒకేసారి దిగుతాయి, అక్కడే దెబ్బతింటుంది. కొలతలూ వివరాలూ బొమ్మలోనే టైప్ చేసి పెట్టే అలవాటు కూడా మానాలి, అవి మామూలు అక్షరాలుగా పేజీలో ఉండాలి.

పునాదిరాయి:
తూర్పువాకిలి గారూ, గూగుల్ మ్యాప్స్‌లో మా ప్రొఫైల్ ఉంది, కానీ ఎవరూ ఫోన్ చేయరు. అక్కడేం చేయాలి? ఇన్‌స్టాగ్రామ్ వల్ల లాభం ఉందా?

తూర్పువాకిలి:
ప్రొఫైల్‌లో మొదటి కేటగిరీ ఆర్కిటెక్ట్ అని ఉందా చూడండి. చాలామంది ఇంటీరియర్ డిజైనర్‌ని ముందు పెట్టి, మాడ్యులర్ కిచెన్ అడిగేవాళ్ల ఫోన్లతో విసిగిపోతారు. అది రెండో కేటగిరీగా ఉండొచ్చు. పేరులో "బెస్ట్ ఆర్కిటెక్ట్స్ ఇన్ బెంగళూరు" లాంటివి ఇరికించకండి, ప్రొఫైల్ సస్పెండ్ అయ్యే ప్రమాదం ఉంది. ఇంట్లోంచే పనిచేసేవాళ్లయితే అడ్రసు దాచి సర్వీస్ ఏరియాలు పెట్టుకోవాలి, 20 వరకు ఇవ్వొచ్చు. రివ్యూలు గృహప్రవేశం అయిన రెండు మూడు వారాల్లో అడగండి. ఏం రాయాలో చెప్పకండి, సైటు ఎక్కడ, ఏం ఇబ్బంది వచ్చింది, ఎలా తీరింది అని వాళ్లనే రాయమనండి. రివ్యూకు బహుమతి ఇవ్వడం, సంతోషంగా ఉన్నవాళ్లనే ఏరి అడగడం రెండూ గూగుల్ నిబంధనలకు విరుద్ధం.

ఇన్‌స్టాగ్రామ్ వదలకండి. 2025 జులై నుంచి ప్రొఫెషనల్ అకౌంట్ల పబ్లిక్ పోస్టులు గూగుల్ సెర్చ్‌లో కూడా కనిపించే వీలుంది, కాబట్టి క్యాప్షన్‌లో సైటు కొలత, ఏరియా రాయడం ఇప్పుడు అక్కరకొస్తుంది. 3డీ రెండర్ (కంప్యూటర్‌లో గీసిన బొమ్మ) అయితే రెండర్ అని రాయండి. లేదంటే కట్టిన ఇల్లనుకుని చూడటానికి వస్తామంటారు, కాదని తెలిస్తే నమ్మకం పోతుంది.

ఇటుకవరస:
తెలుగు మాట ఎవరూ ఎత్తలేదు. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం, హోస్కోటె వైపు సైట్లు కొన్న మనవాళ్లు ఎందరో. ఇల్లు కట్టేది ఇక్కడైనా, ప్లాన్ వాట్సాప్‌లో కడపకో గుంటూరుకో వెళ్తుంది, అక్కడ నాన్నగారు, మావగారు సరేనంటేనే ముందుకు కదులుతుంది. వాళ్లకు అర్థమయ్యేలా నాలుగైదు నిమిషాల తెలుగు వీడియోలు చేయండి. "ఈశాన్యం మూల రోడ్డు వైపు పడితే సెట్‌బ్యాక్ ఎంత వదలాలి", "ఆగ్నేయం వంటగదికి డక్ట్ ఎక్కడ", "బీ ఖాతా సైటుకు ప్లాన్ అప్రూవల్ పరిస్థితి ఏమిటి" ఇలాంటివి. 2025 సెప్టెంబరులో బెంగళూరు కార్పొరేషన్ ఐదు ముక్కలైంది కాబట్టి మీ సైటు ఏ కార్పొరేషన్ కిందికి వస్తుందో చెప్పే వీడియో ఒక్కటి చాలు, దానికి చూసేవాళ్లు ఉంటారు. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఓసీ (ఇంట్లో ఉండొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) చూశాకే కరెంటు, నీళ్ల కనెక్షన్ ఇవ్వాలన్నాక జనం అడిగేది కూడా అదే. రూల్ మారినప్పుడల్లా పాత వీడియో వివరణలో తేదీతో సహా సవరించండి, లేకపోతే తప్పు చెప్పారని మీ మీదే పడుతుంది. టైటిల్ తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకసారి రాయాలి, మనవాళ్లు వెతికేది ఎక్కువగా ఇంగ్లిష్ అక్షరాల తెలుగులోనే.

కొలబద్ద:
ఇది నాకూ నచ్చింది. నిబంధనల్లోనే ఇంకో వెసులుబాటు ఉంది: మీ అనుభవం వివరించే బ్రోచర్‌ను పేరు, హోదా తెలిసిన కాబోయే క్లయింట్లకు పంపొచ్చు. వీడియో చూసి నంబరు ఇచ్చి వివరాలు అడిగినవాళ్లకు ప్రాజెక్ట్ పీడీఎఫ్ పంపడం దీనికి దగ్గరగా ఉంటుంది. గుర్తు తెలియని వెయ్యి నంబర్లకు బల్క్ మెసేజ్ కొట్టడం మాత్రం దీని కిందికి రాదు.

క్లిక్‌లెక్క:
రూలు మారేదాకా యాడ్స్ ఆపమంటే, పునాదిరాయి గారూ, ఆపండి, నేనూ వద్దనను. కానీ రూలు మార్చాలన్న మాట మీద వెనక్కి తగ్గను. ఇల్లు కట్టుకునేవాడికి రిజిస్టర్డ్ ఆర్కిటెక్ట్ ఉన్నాడని తెలియకపోతే నష్టపోయేది వాడే. ఈలోగా ఆ 40 వేలలో సగం పెట్టి, పూర్తయిన మూడు ఇళ్లను మంచి ఫొటోగ్రాఫర్‌తో తీయించండి. డబ్బిచ్చి తీయించిన ఫొటోల హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం తీయించుకున్నవాళ్లదే. కానీ చాలామంది ఫొటోగ్రాఫర్ల కొటేషన్‌లో కింద చిన్న అక్షరాల్లో దానికి విరుద్ధంగా రాసి ఉంటుంది, సంతకానికి ముందే చదవండి.

పునాదిరాయి:
ఫొటోలు, ప్లాన్ పెట్టడానికి ఓనరు ఒప్పుకోవాలి కదా? అగ్రిమెంట్‌లో ఆ క్లాజు మాకు లేదు.

ఇటుకవరస:
ఇకనుంచి అగ్రిమెంట్‌లోనే చేర్చండి: ఫొటోలు తీయడానికి, పేరు చెప్పకుండా వెబ్‌లో, సోషల్ మీడియాలో పెట్టడానికి అనుమతి, ఎప్పుడైనా తీసేయమంటే ఏడు రోజుల్లో తీసేస్తాం అని. పాత క్లయింట్లతో విడిగా ఒక కాగితం మీద సంతకం తీసుకోండి, వాట్సాప్ మెసేజ్ ఒక్కటే నమ్ముకోకండి. ప్లాన్ మాత్రం సాంక్షన్ డ్రాయింగ్ (కార్పొరేషన్ ఆమోదించినది) పెట్టకూడదు. గోడలు, మెట్లు, డక్ట్, గదుల పేర్లు ఉంచి వేరేగా గీయించండి. లాకర్ ఎక్కడ, వెనక తలుపు ఎటు తెరుచుకుంటుంది, సీసీ కెమెరా పాయింట్లు, ఇవన్నీ తీసేయాలి. గేటు మీద ఇంటి నంబరు, కారు నంబరు ప్లేటు ఫొటోలో కనిపిస్తే చెరిపేయాలి. ఫోన్‌తో తీసిన ఫొటోల్లో లొకేషన్ దాగి ఉంటుంది, ఎక్కించేముందు అది కూడా తీసేయాలి. ఏరియా పేరు చెప్పండి, క్రాస్ నంబరు వద్దు.